నీ చెవులకేం కాలేదు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది గుణుపురం. ఐదేళ్ళుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను, తెలుగు పాటలూ ఒడియా పాటలూ రెండూ. ఇంట్లో లాప్‌టాప్ మీద భక్తి పాటలు మిక్సింగ్ కూడా చేస్తాను. హెడ్‌ఫోన్‌లో అదిరిపోయిన పియానో స్టేజి మీద మాయమైపోతాది. రాత్రి బాగుందనుకున్న మిక్సింగ్ పొద్దున్న వింటే బురదలా ఉంటాది. మా సీనియర్లు నీది ప్లాస్టిక్ సౌండు, లోన్ పెట్టి పెద్ద మోడల్ కొను అంటున్నారు. మా అమ్మేమో వంటింట్లోంచి "మొన్న వాయించిందే బాగుందిరా" అంటాది. నా చెవుల మీద నాకే నమ్మకం పోయింది. ఎవరి మాట వినాలి, ఏ కీబోర్డు కొనాలి?

జవాబు: తమ్ముడూ, ముందు లోన్ సంగతి. ఈ నెల ఆ కాయితాల మీద సంతకం పెట్టకు, ఇంకో నెల ఆగినంత మాత్రాన కీబోర్డులు ఎక్కడికీ పారిపోవు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ నాకు అనిపించింది ఒక్కటే, నీ చెవులు పనిచేస్తున్నాయి. స్టేజి మీద పియానో మాయమైందని కనిపెట్టింది ఎవరు, నువ్వే కదా, పొద్దున్న లేచి ఇది బురదలా ఉంది అని పట్టుకున్నదీ నువ్వే. చెవి బాగోలేని వాడికి ఇవి రెండూ తెలియవు, రాత్రి చేసింది పొద్దున్న కూడా బ్రహ్మాండంగానే ఉంటాది వాడికి. నీకు లేనిది చెవి కాదు, ఆ చెవి ఎక్కడెక్కడ మోసపోతాదో ఆ లెక్క ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే. నేను పర్లాకిమిడిలో ఉంటాను, పెళ్ళిళ్ళకి రథయాత్రకి దసరాకి వాయించుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిచాయి, నాకూ ఎవరూ చెప్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నవే ఇవన్నీ.

అన్నిటికన్నా పెద్ద మోసం సౌండు ఎక్కువ పెట్టడం. ఒకే పియానో, ఒకే వేలు, కొంచెం గట్టిగా వినిపించిందంటే చాలు మనం "గట్టిగా ఉంది" అనుకోం, "బాగుంది" అనుకుంటాం. 1933లోనే అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు, మన చెవి తక్కువ సౌండులో బాస్‌ని సరిగ్గా పట్టుకోదు, పైన ట్రెబుల్ కూడా కొంత పోతాది, మధ్యలో 3000, 4000 హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్ని అదురులు) దగ్గర మాత్రం బాగా చురుగ్గా ఉంటాది. సౌండు పెంచేసరికి ఆ బాస్ ఆ మెరుపు రెండూ లేచి వస్తాయి, ఏమీ మార్చకపోయినా నిండుగా అయిపోయినట్టు ఉంటాది. నేను ఒకసారి బరంపురంలో ఒక షాపుకి వెళ్ళి కొత్త మోడల్ విని అక్కడికక్కడే మనసు పారేసుకున్నాను, ఇంటికి తెచ్చి పాతదాని పక్కన పెట్టి రెండిటినీ ఒకే మిక్సర్‌లోకి ఇచ్చి ఫేడర్లు (సౌండు పెంచే తగ్గించే మీటలు) సరిచేసి విన్నాక తెలిసింది, స్ట్రింగ్స్ కొంచెం మేలు, పియానో అయితే పాతదే మెత్తగా ఉంది. షాపులో దాన్ని పెద్ద స్పీకర్‌లో గట్టిగా పెట్టి వినిపించారు, నా పాతదాన్ని నేను రోజూ వినేది దాని సొంత చిన్న స్పీకర్లలో. పోల్చడమే తప్పుగా పోల్చాను.

అందుకని నువ్వు ఏ రెండు సౌండ్లు పోల్చినా ముందు సౌండు సమానం చెయ్యి. ఫోన్‌లో డెసిబెల్ చూపించే యాప్ ఉంటాది, అది ఖచ్చితమైన కొలత కాకపోయినా పరవాలేదు, ఫోన్‌ని కదపకుండా ఒకే చోట పెట్టి ఒకే నాలుగు బార్లు వాయించి రెండూ ఒకే నంబరు దగ్గరకి తీసుకురా, 1 డెసిబెల్ తేడా కూడా ఉంచకు. తర్వాత మీ చెల్లినో స్నేహితుడినో పిలిచి కీబోర్డు మీద బట్ట కప్పి, ఏది ఏదో నీకు చెప్పకుండా మార్చమను, నువ్వు అటు తిరిగి కూర్చో. పదిసార్లు విని కాయితం మీద రాసుకో. పదిలో ఐదుసార్లు ఇది ఐదుసార్లు అది నచ్చిందంటే ఆ రెండిటికీ నీకు తేడా లేదని అర్థం, లక్ష రూపాయలు మిగిలినట్టే. తొమ్మిదిసార్లు ఒకటే నచ్చిందనుకో, అప్పుడు సీనియర్ కాదు కదా ఎవరు వచ్చి చెప్పినా వినక్కర్లేదు.

ఇంక ప్యాచ్‌ల సంగతి, అంటే కీబోర్డులో పియానో, వీణ అని పేర్లతో ఉండే సౌండ్లు. కంపెనీ వాళ్ళు ప్రతి సౌండునీ షాపులో ఒంటరిగా వాయిస్తే అదిరిపోయేలా తయారు చేస్తారు, రివర్బ్ (హాల్లో మోగినట్టు చేసే ఎఫెక్టు) నిండా పోసి, కోరస్ (ఒక సౌండుని నలుగురు వాయించినట్టు చేసేది) కలిపి పెడతారు. సౌండు ఎలాంటిదో చూడాలంటే అవి రెండూ ఆపెయ్. ఆపగానే చాలా ప్యాచ్‌లు ఎండిపోయినట్టు అయిపోతాయి, భయపడకు, అసలు మొహం అదే. ఇప్పుడు ఒక్క నోటు, మధ్య సి, మెల్లగా కొట్టు, మామూలుగా కొట్టు, గట్టిగా కొట్టు. సౌండు పెద్దదవడమే కాదు రంగు కూడా మారాలి, మెల్లగా కొడితే గుండ్రంగా, గట్టిగా కొడితే కొంచెం పదునుగా. తర్వాత అదే నోటు నొక్కి పట్టుకుని పూర్తిగా ఆరిపోయేదాకా విను, పది సెకన్లు పదిహేను సెకన్లు ఓపిక పట్టు. చవక సాంపుల్ (అసలు వాయిద్యం నుంచి రికార్డు చేసి కీబోర్డులో పెట్టిన ముక్క) అయితే రెండు మూడు సెకన్ల తర్వాత చిన్న ముక్కే తిరిగి తిరిగి వస్తున్నట్టు ఒక వణుకు వినిపిస్తాది, ఉయ్యాల చప్పుడులాగ, ఒకసారి పట్టుకున్నావంటే ఇంక జీవితంలో మర్చిపోలేవు. నువ్వు అడగాల్సింది అది నీ పాటలో బయటపడుతుందా లేదా అని. డోలక్ కొడుతుంటే ఎవడూ పది సెకన్లు ఒకే నోటు పట్టుకుని కూర్చోడు కదా. నెమ్మదైన పల్లవి ముందు ఆలాపనకి ఒక్కటే పియానో అయితే మాత్రం పడుతుంది.

వీణ, నాదస్వరం, సన్నాయి లాంటి ప్యాచ్‌లైతే ఒంటి నోటు విని తీర్పు చెప్పకు, బెండ్ వీల్ (నోటుని పైకీ కిందకీ జార్చే చక్రం) 2 సెమీటోన్లకి, అంటే రెండు మెట్ల దూరానికి పెట్టి గమకం వేసి చూడు. సాంపుల్ ఎంత గొప్పదైనా జారుడులో గొంతు మారిపోతే అది మన పాటకి పనికిరాదు, సాంపుల్ సాదాగా ఉన్నా జారుడు బాగుంటే పనికొస్తుంది. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ప్లాస్టిక్ సౌండు అన్నారని రాశావు. ఆ మాట అన్నవాళ్ళని గౌరవంగానే ఒకటి అడుగు, "అన్నా, ఏ నోటు దగ్గర, ఏ పాటలో?" అని. చూపిస్తే నేర్చుకో, చూపించలేకపోతే అది సౌండు గురించి కాదు, ధర గురించి. 1983లో యమహా డీఎక్స్ సెవెన్ అనే కీబోర్డు వచ్చింది, అందులో ఎలక్ట్రిక్ పియానో అసలు పియానోలాగే ఉండదు, గాజు గంటలాగ ఉంటాది, అయినా ఆ పదేళ్ళు ప్రపంచంలో ఏ పాట విన్నా అదే. 1988లో కోర్గ్ ఎం వన్ వచ్చింది, దాని సౌండ్లన్నీ కలిపి 4 మెగాబైట్లు, ఇవాళ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో అంత. దాని పియానో ఒంటరిగా వింటే సన్నగా ఉంటాది, అందుకే డ్రమ్స్ మధ్యలోంచి, గొంతు మధ్యలోంచి దూసుకొచ్చేది. నిండుగా ఉన్నదే మంచి సౌండు అనుకుంటే ఈ రెండూ అప్పుడే చెత్తబుట్టలో పడాలి. స్టేజి మీద ఎప్పుడూ ఒంటరిగా నచ్చే సౌండు వెతకొద్దు, పాటలో చోటు దొరికే సౌండు వెతుకు.

స్టేజి మీద పియానో మాయమవడం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీ బాధంతా ఇక్కడే ఉందని నా అనుమానం. చాలా ఏళ్ళ కిందట కాశీనగర్లో ఒక పెళ్ళి, వంశధార వైపు ఖాళీ స్థలంలో షామియానా వేశారు. ఇంట్లో నాలుగు రోజులు కూర్చుని ఒక పెద్ద స్టీరియో గ్రాండ్ పియానో ప్యాచ్ చేసుకున్నాను, హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవిలో బాస్ తీగలు కుడి చెవిలో పై తీగలు, పియానో లోపల కూర్చున్నట్టే ఉంది. లెఫ్ట్ రైట్ రెండు వైర్లూ మిక్సర్‌కి ఇచ్చాను. మొదటి పాట మొదలైంది, గాయకుడు నా వైపు తిరిగి చెయ్యి ఊపుతున్నాడు, "వాయించు" అని. నేను వాయిస్తూనే ఉన్నాను. జనం వైపు ఏదో దూరంగా డబ్బాలోంచి వస్తున్నట్టు సన్నటి సౌండు తప్ప ఏమీ రావట్లేదు. ఆ రాత్రంతా నా కీబోర్డు పాడైపోయిందనుకున్నాను, ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెడితే మళ్ళీ బ్రహ్మాండం.

జరిగింది ఏటంటే, మన దగ్గర సౌండ్ సర్వీస్ వాళ్ళు చాలామంది రెండు వైపుల బాక్సులకీ ఒకే సౌండు ఇస్తారు, అంటే మోనో. వాళ్ళ తప్పు కాదు, అటు మూల కూర్చున్నవాళ్ళకీ ఇటు మూల కూర్చున్నవాళ్ళకీ అన్నీ వినిపించాలి కదా. కాని స్టీరియో పియానోని రెండు మైకులతో రికార్డు చేస్తారు, ఒకే తీగ చప్పుడు ఒక మైకుకి ముందు, ఇంకో మైకుకి కొంచెం ఆలస్యంగా అందుతాది. ఆ రెండిటినీ కలిపి ఒకటి చేసినప్పుడు ఒక అల పైకి లేచే చోట రెండోది కిందకి దిగుతుంటే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, కొన్ని నోట్లు సగమైపోతాయి. కోరస్, స్టీరియో వైడ్ లాంటి ఎఫెక్టులు వేస్తే ఇంకా ఘోరం. హెడ్‌ఫోన్‌లో ఇది ఎప్పటికీ వినిపించదు, ఎందుకంటే అక్కడ రెండూ ఎప్పుడూ కలవవు. నీ చెవి అబద్ధం చెప్పలేదు, హెడ్‌ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పింది, స్టేజి మీద వినబోయేది మాత్రం అది కాదు.

అందుకని నీ స్టేజి ప్యాచ్‌లన్నీ ఒకసారి మోనోలో విని చూడు. లాప్‌టాప్‌లో మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోనో బటన్ ఉంటాది, కీబోర్డు వెనకాల లెఫ్ట్ జాక్ మీద మోనో అని రాసి ఉంటే రెండో వైరు పీకేసి దాని ఒక్కదాంట్లోంచే ఇచ్చి చూడు. ఏ పియానో మోనోలో కూడా నిలబడిందో దాన్ని స్టేజికి ఉంచుకో, మోనో పియానో అనే ప్యాచ్ ఉంటే మరీ మంచిది, ఇంట్లో వినడానికి చప్పగా ఉంటాది, షామియానాలో రాజు. బాస్ గిటార్ వాయించేవాడు ఉంటే నీ ఎడమ చెయ్యి ఖాళీగా పెట్టు, లేదా ఒక ఆక్టేవ్ పైకి తీసుకెళ్ళు, 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య అప్పటికే డోలక్ గుమ్ము, బాస్ గిటారు, గాయకుడి గొంతులో కింది బరువు అన్నీ కూర్చుని ఉంటాయి, అక్కడికి నువ్వు కూడా వెళ్తే ఎవరూ వినిపించరు. ప్యాడ్స్ (వెనకాల పరుపులా సాగే సౌండ్లు), స్ట్రింగ్స్ అయితే కింద 150 హెర్ట్జ్ వరకూ కోసెయ్, ఒంటరిగా వింటే సన్నబడ్డట్టు ఉంటాది, పాటలో ఆ తేడా ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం తేటగా వస్తాది.

ఇంక ఇంట్లో మిక్సింగ్. నీ గది ఎంతుందో రాయలేదు, మన ఇళ్ళలో మామూలుగా పది బై పది ఉంటాది కదా, అదే అనుకుందాం. 10 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య సౌండు కొట్టుకుని 56 హెర్ట్జ్ చుట్టుపక్కల ఊగుతాది. 88 కీల కీబోర్డు మీద కింద నుంచి రెండో ఏ నోటు 55 హెర్ట్జ్. అంటే ఆ నోటు నీ గదిలో గుమ్ మని మోగుతాది, పక్క నోట్లు అంత మోగవు. నువ్వు ఆ గుమ్ము విని బాస్ ఎక్కువైందని ఈక్యూలో (బాస్, ట్రెబుల్ విడివిడిగా పెంచే తగ్గించే చోట) కోసేస్తావు, బయట ఇంకో చోట వింటే బాస్ లేదు. పరీక్ష చెయ్యడం చాలా సులువు, ఏదైనా సాదా బాస్ సౌండు పెట్టి స్పీకర్లో ఒక్కో నోటు కింద నుంచి పైకి, నలుపు తెలుపు అన్నీ, ఒకే బలంతో నొక్కుకుంటూ వెళ్ళు. ఒకచోట గిన్నెలు కూడా అదురుతాయి, ఒకచోట నోటే లేనట్టు ఉంటాది. ఇప్పుడు ఆ అదిరే నోటు వదలకుండా ఇంకొకరిని పట్టుకోమని నువ్వు గదిలో నడువు, గోడ మూలకి వెళ్తే భయంకరంగా ఉంటాది, గది మధ్యకి వస్తే తగ్గిపోతాది. కీబోర్డు మార్పు లేకుండా ఒకే నోటు వాయిస్తోంది, మారుతున్నదంతా నీ గది. ఏ నోట్లు అబద్ధం చెప్తున్నాయో గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకో, వాటి గురించి మాత్రం హెడ్‌ఫోన్ మాట విను, మిగతాదంతా స్పీకర్ మాట. మూల నుంచి జరిగి కూర్చో. గోడకి పరుపులు బొంతలు ఆనించావంటే పై సౌండు గలగల తగ్గుతుంది, బాస్ గుమ్ము మాత్రం వాటికి లొంగదు, అందుకని వాటి మీద డబ్బులు పెట్టకు, ఇంట్లో ఉన్నవి చాలు.

స్క్రీన్ మీద గీతలు చూసి ఈక్యూ చెయ్యొద్దు. గీత బాగా వంకర తిరిగిందంటే ఏదో చేశామన్న తృప్తి వస్తాది, కళ్ళు మూసుకుని బటన్ ఆన్ ఆఫ్ చేసి చూడు, ఏది ఆన్ ఏది ఆఫ్ చెప్పలేకపోతే ఆ ఈక్యూ తీసెయ్.

రాత్రి బాగుంది పొద్దున్న బురద అన్నావు. ఇది అందరికీ జరిగేదే. చెవి దేనికైనా కాసేపట్లో అలవాటు పడిపోతాది, వంటింట్లో పోపు వాసన లోపల ఉన్నవాళ్ళకి తెలియనట్టే. గంటసేపు బురదలో కూర్చుంటే బురద తెలియదు, ఇంకొంచెం బాస్ కావాలనిపిస్తాది, అలా పెంచుకుంటూ పోతాం. పొద్దున్న లేచాక మొదటి అరనిమిషం నీ చెవి చెప్పేది బంగారం, ఆ అరనిమిషంలో అనిపించింది వెంటనే కాయితం మీద రాసి పాట ఆపెయ్, తర్వాత ఆ కాయితం చూసి పని చెయ్యి. ముప్పావుగంట పని చేశాక పది నిమిషాలు బయటికి వెళ్ళు, ఫోన్‌లో వేరే పాటలు వినకుండా. అన్నిటికన్నా ముఖ్యం, ఫంక్షన్ వాయించి వచ్చిన రాత్రి మిక్సింగ్ ముట్టుకోకు. పక్కన పెద్ద బాక్సులు పెట్టుకుని నాలుగు గంటలు వాయించాక చెవికి కొన్ని గంటలపాటు వినికిడి తగ్గి ఉంటాది, గుయ్ మని మోత కూడా ఉంటాది కదా, ఆ చెవితో ట్రెబుల్ పెంచేస్తాం, అది పొద్దున్న సూదుల్లా గుచ్చుకుంటాది.

ఆ మోతని తేలిగ్గా తీసుకోకు తమ్ముడూ, ఇది మాత్రం అన్నగా గట్టిగా చెప్తున్నాను. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు చెవికి భరించదగ్గదని లెక్క, 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైము సగమవుతాది, 100 దగ్గరకొచ్చేసరికి 15 నిమిషాలే. మన స్టేజిల మీద 100 అంటే ఏమీ కాదు. లోపల చెవిలో ఉండే సన్నటి కణాలు ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్ళీ పుట్టవు. మా పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులు గారి కథ నీకు తెలిసే ఉంటాది, మీ గుణుపురం చుట్టూ ఉన్న సవరల భాషకి అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు, ఆయన వాళ్ళ మధ్య కూర్చుని చెవితో విని విని నేర్చుకున్నారు, వ్యాకరణం నిఘంటువు తయారు చేశారు. ఆ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అంత గొప్ప చెవి ఒక మందుతో పోయింది. ఆయనకి వేరే దారి లేదు, నీకు ఉంది, మందుల షాపులో దొరికే నురగ ఇయర్‌ప్లగ్గులు జేబులో పెట్టుకో, మొదటి రెండు ఫంక్షన్లు ఇబ్బందిగా ఉంటాది, తర్వాత అవి లేకుండా స్టేజి ఎక్కలేవు.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. పక్క గదిలోంచి తలుపు తీసి వినడం స్టూడియోల్లో మిక్సింగ్ చేసేవాళ్ళు కావాలని చేసే పని, ఎందుకంటే అక్కడికి చేరేసరికి మెరుపులు రాలిపోయి ఏది పెద్దది ఏది చిన్నది అన్న తూకం ఒక్కటే మిగులుతాది. అమ్మకి రివర్బ్ తెలియదు, ప్యాచ్ పేరు తెలియదు, దాని ధర తెలియదు, వంట చేసుకుంటూ పాట వింటాది. అలాంటి చెవి ఇంట్లో ఉండగా లోన్ పెట్టి స్పీకర్లు ఎందుకు. కాని ఆవిడని "బాగుందా" అని అడగకు, కన్నతల్లి ఎప్పుడూ బాగుందనే అంటాది, "ఏ మాట అర్థం కాలేదు?" అని అడుగు, "ఎక్కడ చిరాకేసింది?" అని అడుగు. అమ్మ చూపించిన చోట ఏటుందో వెతికి పట్టుకోవడం నీ పని.

కీబోర్డు మార్చాల్సిన సందర్భాలు లేవని కాదు. ఎంత మెల్లగా కొట్టినా ఒకే సౌండు వస్తున్నా, పెడల్ తొక్కి రెండు చేతులూ వాయిస్తుంటే ముందు నోట్లు మధ్యలో తెగిపోతున్నా, అది నీ చెవి సమస్య కాదు, నీ వేళ్ళ సమస్య కూడా కాదు, ఆ పెట్టె అయిపోయింది, మార్చు. వెనకాల బూఁ అని 50 హెర్ట్జ్ కరెంటు మోత వస్తుంటే మాత్రం ముందు వైరు, ప్లగ్గు, ఎర్త్ చూడు, చాలాసార్లు కొత్త కీబోర్డుకి కూడా అదే మోత వస్తాది.

ఈ నెలంతా ఒక్క పని చెయ్యి. అమ్మ మొన్నటిదే బాగుందన్న ఆ భక్తి పాట ఉంది కదా, మొన్నటి మిక్సింగ్, ఇప్పటి మిక్సింగ్ రెండూ తీసి సౌండు సమానం చేసి, ఒకసారి ఫోన్ స్పీకర్లో, ఒకసారి మోనోలో, ఒకసారి వంటింట్లో అమ్మ పక్కన నిలబడి విను. తర్వాత రెండూ నాకు పంపు, ఏది పాతదో ఏది కొత్తదో చెప్పొద్దు, ఫైళ్ళకి 1, 2 అని మాత్రం పేరు పెట్టు.